దూరప్రయాణ విమానాల కొనుగోలు - కోనసీమ ప్రయాణికునికి అందినదెంత?

నేపథ్య వ్యాసం

దిండి (డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా): దూరప్రయాణ విమానాల కొనుగోలు విషయమై ఎయిర్ ఇండియా సంస్థ గత రెండు దశాబ్దాలలో రెండు భారీ నిర్ణయాలు తీసుకొన్నది. మొదటి నిర్ణయం 2005లో, సంస్థ కేంద్ర ప్రభుత్వ యాజమాన్యంలో ఉండగా జరిగినది. రెండవది 2023లో, సంస్థ టాటా గ్రూపునకు బదిలీ అయిన పిమ్మట జరిగినది. ఈ నిర్ణయాల పూర్వాపరాలను, వాటి వలన తెలుగు ప్రాంతాల వారికి, ప్రత్యేకించి గల్ఫ్ దేశాలకు అధికంగా వెళ్ళే కోనసీమ వాసులకు ఒనగూరిన ప్రయోజనాన్ని పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఇందు వివరించడమైనది. విమానాల ఆర్డరు వేరు, విమాన సర్వీసు వేరు అన్న సంగతి వార్తలలో తరచుగా మరుగున పడుచున్నందున ఈ వివరణ అవసరమైనది.

మలికిపురం మండలంలోని దిండి గ్రామం వశిష్ఠ గోదావరి ఒడ్డున కలదు. (నల్గొండ జిల్లాలోని డిండి జలాశయంతో దీనిని పొరపడరాదు.) కొబ్బరితోటలు, పర్యాటకాభివృద్ధి సంస్థ విడిది, హౌస్‌బోట్ల వలన ఈ గ్రామం పర్యాటకులకు పరిచితము. ఇక్కడి నుండి విదేశానికి బయలుదేరే వానికి రెండు దారులున్నవి. ఒకటి రాజోలు, రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం వద్దనున్న మధురపూడి విమానాశ్రయానికి. రెండవది 216వ నంబరు జాతీయ రహదారిపై చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా విజయవాడ సమీపంలోని గన్నవరానికి. ఏ దారిన వెళ్ళినను అమెరికాకు గాని, ఐరోపాకు గాని నేరుగా విమానం దొరకదు. హైదరాబాదులోనో, ఢిల్లీలోనో, దుబాయి, దోహా వంటి గల్ఫ్ నగరాలలోనో మరొక విమానం ఎక్కవలసినదే. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాలలో కువైట్, మస్కట్, దుబాయి పేర్లు పొరుగూరి పేర్లంత సాధారణము. ఇంటిపనికై గల్ఫ్ వెళ్ళిన మహిళలు పంపే సొమ్ముతో నడిచే కుటుంబాలు ఇచ్చట అనేకం కలవు. జాతీయ విమానయాన సంస్థ ఏ విమానం కొన్నదన్నది వీరికి సంబంధించని విషయమని భావించుట సరికాదు.

కువైట్ అనుభవం

దూరప్రయాణ విమానాలు జాతికి ఎందుకు అన్న ప్రశ్నకు 1990 నాటి ఉదంతం ఇప్పటికీ అన్నిటికంటె స్పష్టమైన సమాధానము. ఆ సంవత్సరం ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినవి. అక్కడ చిక్కుకొన్న భారతీయులు రోడ్డు మార్గాన జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుకొనగా, ఆగస్టు 13 నుండి అక్టోబరు వరకు ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థలు 488 విమానాలు నడిపి 1,11,000 మందికి పైగా స్వదేశానికి చేర్చినవి. పౌర విమానాల ద్వారా జరిగిన అతిపెద్ద తరలింపుగా ఇది గిన్నిస్ పుస్తకంలో నమోదైనది. ఆనాడు తిరిగివచ్చిన వారిలో గోదావరి జిల్లాల వారును ఉన్నారు.

2020 మే 7న ప్రారంభమైన వందే భారత్ మిషన్‌లోనూ ఇదే జరిగినది. కోవిడ్ కారణంగా సాధారణ సర్వీసులు నిలిచిపోయిన ఆ రోజులలో ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానాలు విదేశాలలోని వారిని తీసుకొనిరాగా, గన్నవరం విమానాశ్రయం కూడా అట్టి విమానాలను అందుకొన్నది. ప్రభుత్వ యాజమాన్యం తొలగిన తరువాత ఈ బాధ్యత ఎవరిదన్న సందేహం సహజముగానే కలిగినది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ నుండి విద్యార్థులను తరలించిన ఆపరేషన్ గంగలో ప్రైవేటు విమానయాన సంస్థలు, వాయుసేన విమానాలు కలిసి పనిచేసినవి. ఫిబ్రవరి 26న బుకారెస్ట్ నుండి ముంబయికి తొలి విమానం నడిపినది అప్పటికి నెల రోజుల క్రితమే టాటా గ్రూపు చేతికి వచ్చిన ఎయిర్ ఇండియాయే. అయినను, యజమాని ఆదేశించుట వేరు, ప్రభుత్వం కోరుట వేరు అన్నది గమనింపదగినది.

2005 నిర్ణయం

ఎయిర్ ఇండియా పేరు దూరప్రయాణానికి కొత్తది కాదు. 1948 జూన్ 8న బొంబాయి నుండి లండన్‌కు 'మలబార్ ప్రిన్సెస్' అను కాన్‌స్టెలేషన్ విమానంతో ఆ సంస్థ విదేశీ సర్వీసు ఆరంభించినది. 1953లో జాతీయం చేయబడినది. 1960లో బోయింగ్ 707, 1971లో బోయింగ్ 747 విమానాలు చేరినవి. తదుపరి కాలంలో విమానాల కొనుగోలు మందగించగా, 1990 దశకం చివరికి విమానాల సంఖ్య, వయస్సు రెండును సంస్థకు భారమైనవి.

కొత్త విమానాల ప్రక్రియ 1996లోనే మొదలైనది. ఎనిమిదేళ్ళ తర్జనభర్జనల తరువాత, 2004 జనవరిలో 28 విమానాలు కొనుటకు సంస్థ పాలకమండలి ప్రతిపాదించినది. అదే సంవత్సరం ఆగస్టులో ఆ ప్రతిపాదనను పునఃపరిశీలింపవలసినదిగా కోరడమైనది. నవంబరు నాటికి ప్రతిపాదిత సంఖ్య 68కి చేరినది. కేంద్ర ప్రభుత్వ ఆమోదానంతరం 2005 డిసెంబరు 30న బోయింగ్ సంస్థతో ఒప్పందం కుదిరినది. ఎనిమిదేళ్ళు కదలని దస్త్రం కొద్ది నెలలలో రెట్టింపునకు మించి పెరుగుటే తదుపరి విమర్శలకు మూలమైనది.

ఆ 68 విమానాలలో 8 బోయింగ్ 777-200ఎల్ఆర్, 15 బోయింగ్ 777-300ఈఆర్, 27 బోయింగ్ 787-8 రకాలు. ఈ 50 మాత్రమే దూరప్రయాణ విమానాలు. మిగిలిన 18 బోయింగ్ 737-800 రకానికి చెందిన చిన్న విమానాలు. చౌక సర్వీసులు నడుపుటకై 2005 ఏప్రిల్‌లో ఆరంభమైన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌కు ఉద్దేశించినవి. జాబితా ధర ప్రకారం మొత్తం ఆర్డరు విలువ 1,100 కోట్ల డాలర్లకు పైబడినది. జాబితా ధర అనగా తయారీ సంస్థ ప్రకటించు ధర. భారీ ఆర్డర్లకు గణనీయమైన తగ్గింపు లభించుట ఈ వ్యాపారంలో ఆనవాయితీ. కావున ప్రకటనలలోని మొత్తాన్ని చెల్లించిన మొత్తముగా వ్రాయరాదు.

మొదటి 777-200ఎల్ఆర్ 2007లో వచ్చినది. అదే సంవత్సరం ఆగస్టులో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమైనవి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ అప్పటికే 43 ఎయిర్‌బస్ విమానాలకు ఆర్డరు ఇచ్చియున్నందున, రెండు సంస్థల అప్పులు ఒకే ఖాతాలోకి చేరినవి. 787 విమానాలు 2008 నుండి రావలసియుండగా తయారీలో జాప్యం వలన తొలి విమానం 2012 సెప్టెంబరులో ఢిల్లీ చేరినది. ఐదు నెలలు తిరుగకుండానే, 2013 జనవరిలో, బ్యాటరీ లోపం కారణంగా ప్రపంచవ్యాప్తంగా ఈ రకం విమానాలన్నీ నిలిపివేయబడినవి. ఎయిర్ ఇండియా వద్దనున్న ఆరు విమానాలు మే నెల వరకు నేలపైనే ఉన్నవి. 27వ విమానం 2017లో అందినది. 777-300ఈఆర్ రకంలో చివరివి 2018లో చేరగా, వాటిలో రెండింటిని రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి ప్రయాణాలకు కేటాయించడమైనది. ఈ విధముగా 2005 నాటి ఆర్డరు పూర్తియగుటకు 13 సంవత్సరాలు పట్టినది.

777-200ఎల్ఆర్ విమానాల కథ ప్రత్యేకంగా చెప్పదగినది. భారతదేశం నుండి అమెరికాకు ఎక్కడా ఆగకుండా ఎగురగల విమానమనే వీటిని ఎంచుకొనడం జరిగినది. సాంకేతికంగా ఆ లక్ష్యం నెరవేరినది. కాని 238 సీట్ల విమానంలో అంతటి దూరానికి మోయవలసిన ఇంధన భారం, ఆ ఇంధనానికి చెల్లించవలసిన ధర ఆదాయాన్ని మింగివేసినవి. ఎనిమిదింటిలో ఐదు విమానాలను తదుపరి కాలంలో అబుధాబికి చెందిన ఎతిహాద్ సంస్థకు విక్రయించడమైనది. 787 విమానాలను సైతం అమ్మి, మరల అద్దెకు తీసుకొను పద్ధతిలో నిధులు సమీకరింపవలసి వచ్చినది.

అప్పు ఎవరు తీర్చిరి?

ఈ కొనుగోలు దాదాపు పూర్తిగా అప్పుపై, ప్రభుత్వ హామీపై జరిగినది. 2011 సెప్టెంబరులో పార్లమెంటుకు సమర్పించిన పౌర విమానయాన నివేదికలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఈ అంశాన్ని తీవ్రముగా తప్పుపట్టిరి. స్వంత మూలధనం నామమాత్రంగా ఉన్న సంస్థ ఇంతటి కొనుగోలును అప్పుతో చేపట్టుట ఆదిలోనే చేటు తెచ్చునదని, ప్రయాణికుల పెరుగుదలపై వేసిన అంచనాలు వాస్తవానికి దూరమైనవని ఆ నివేదిక సారాంశము. విమానాలు అవసరమన్న విషయాన్ని మాత్రం ఎవరును కాదనలేదు. వివాదమంతయు సంఖ్య, వేగం, నిధుల గురించినదే.

2012 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం 2021 వరకు దశలవారీగా 30,231 కోట్ల రూపాయల మూలధనం సమకూర్చుటకు ఆమోదించినది. 2017 జూన్ 28న పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గం సూత్రప్రాయంగా అంగీకరించినది. విజయనగరానికి చెందిన శ్రీ పి. అశోక్ గజపతిరాజు అప్పటి పౌర విమానయాన శాఖ మంత్రి. 2018లో ఒక్క టెండరు కూడా రాలేదు. 2021 అక్టోబరు 8న 18,000 కోట్ల రూపాయల టాటా గ్రూపు బిడ్డును అంగీకరించినట్లు ప్రకటన వెలువడినది. అందులో నగదు 2,700 కోట్లు మాత్రమే. 15,300 కోట్లు బదిలీ చేసికొన్న అప్పు. 2021 ఆగస్టు చివరినాటికి సంస్థ మొత్తం అప్పు 61,562 కోట్లు కాగా, మిగిలిన 46,262 కోట్లు ప్రభుత్వ రంగంలోని ఎయిర్ ఇండియా అసెట్స్ హోల్డింగ్ సంస్థకు చేరినవి. అనగా విమానం ఎన్నడూ ఎక్కని పన్ను చెల్లింపుదారుడు సైతం ఆ కొనుగోలు భారంలో భాగస్వామియే. 2022 జనవరి 27న సంస్థ అప్పగింత పూర్తియైనది.

2023 నిర్ణయం

2023 ఫిబ్రవరి 14న ఎయిర్ ఇండియా 470 విమానాల కొనుగోలు ప్రకటించినది. 250 ఎయిర్‌బస్, 220 బోయింగ్ విమానాలు. జాబితా ధర ప్రకారం విలువ సుమారు 7,000 కోట్ల డాలర్లు. పత్రికలు 470 సంఖ్యనే శీర్షికలకెక్కించినవి గాని, వీటిలో దూరప్రయాణ విమానాలు 70 మాత్రమే: 40 ఎయిర్‌బస్ ఎ350, 20 బోయింగ్ 787-9, 10 బోయింగ్ 777-9. తక్కిన 400 దేశీయ, సమీప విదేశీ మార్గాలకు చెందిన ఎ320 కుటుంబ, 737 మ్యాక్స్ విమానాలు. 2024 డిసెంబరులో మరి 100 ఎయిర్‌బస్ విమానాలు ప్రకటింపగా, వాటిలోను ఎ350 రకానివి 10 మాత్రమే.

మొదటి ఎ350-900 విమానం 2023 డిసెంబరు 23న ఢిల్లీ చేరినది. ఆర్డరు చేసిన పది నెలలకే విమానం వచ్చుట ఆశ్చర్యము గొలుపవచ్చును. మొదట రష్యా సంస్థ ఏరోఫ్లోట్ కొరకు నిర్మించి, ఆంక్షల వలన అందజేయని విమానాలను ఎయిర్ ఇండియా తీసుకొనుటయే ఇందులకు కారణము. 2024 జనవరి 18న హైదరాబాదు బేగంపేట విమానాశ్రయంలో జరిగిన వింగ్స్ ఇండియా ప్రదర్శనలో ఈ విమానాన్ని తొలిసారిగా ప్రజల ఎదుట ప్రదర్శించిరి. జనవరి 22 నుండి అది దేశీయ మార్గాలలో, హైదరాబాదుతో సహా, సేవ ప్రారంభించినది. సెప్టెంబరులో లండన్‌కు, నవంబరులో ఢిల్లీ నుండి న్యూయార్క్‌కు నడుపబడినది.

ఆర్డరు వేరు, సర్వీసు వేరు

ఎ350-900లో 316 సీట్లున్నవి. ఒక మార్గంలో రోజుకొక పర్యాయం రానుపోను నడిపినచో ఏడాదికి 2,30,680 సీట్లు నిండవలెను. అందులోను 28 బిజినెస్ తరగతి సీట్లు, 24 ప్రీమియం ఎకానమీ సీట్లు పూర్తి ధరకు అమ్ముడుపోయిననే దూరమార్గం గిట్టుబాటగును. ప్రయాణికులు లక్షలలో ఉన్నను, వారిలో అత్యధికులు ఎకానమీ తరగతిలో, సెలవుల కాలంలో మాత్రమే ప్రయాణించు వారైనచో ఆ మార్గం నిలువదు. హైదరాబాదు అనుభవం ఇందులకు తార్కాణము. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాదు నుండి చికాగోకు నేరుగా సర్వీసు ప్రారంభించినది. 777-200ఎల్ఆర్ విమానంతో నడచిన ఆ సర్వీసు తెలుగు నేల నుండి అమెరికాకు మధ్యలో ఆగని తొలి విమానము. అమెరికాలో లక్షల సంఖ్యలో తెలుగువారున్నను అది ఎక్కువ కాలం కొనసాగలేదు. దుబాయి, దోహా, అబుధాబి కేంద్రాలుగా నడుచు విదేశీ సంస్థలే ఆ ప్రయాణికులలో పెద్ద వాటాను పొందినవి.

కోనసీమ విషయంలో లెక్క మరొక విధముగా నుండును. గల్ఫ్‌కు ప్రయాణం నాలుగైదు గంటలు. దానికి ఎ350 అక్కరలేదు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ నడుపు 737 రకం చాలును. 2005 ఆర్డరులో అందరి దృష్టి 50 పెద్ద విమానాలపై నిలిచినను, మలికిపురం నుండి మస్కట్ వెళ్ళు మహిళకు ఉపయోగపడగలిగినవి తక్కిన 18 విమానాలే. అవి మొదట కేరళ విమానాశ్రయాలకు చేరినవి. గన్నవరానికి అంతర్జాతీయ హోదా 2017లో లభించినది. షార్జాకు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సర్వీసు 2022 అక్టోబరు 31న, అనగా ఆ సంస్థ ఆరంభమైన 17 సంవత్సరాలకు, అచ్చటి నుండి మొదలైనది.

ఈ ఆలస్యానికి విమానాల కొరత ఒక్కటే కారణము కాదు. విదేశీ సర్వీసులు ద్వైపాక్షిక ఒప్పందాలకు లోబడి నడుచును. ఒక దేశపు సంస్థ మన దేశంలో ఏయే నగరాలకు, వారానికి ఎన్ని సీట్లు నడుపవచ్చునో ఆ ఒప్పందం నిర్ణయించును. హైదరాబాదు ఆ జాబితాలలో ఉన్నందున గల్ఫ్ సంస్థలు అచ్చటికి వచ్చినవి. చిన్న నగరాల నుండి విదేశాలకు నడుపుట దాదాపు భారతీయ సంస్థల ఇష్టముపైననే ఆధారపడియున్నది. కావున గోదావరి జిల్లాల ప్రజాప్రతినిధులు వినతిపత్రం సమర్పింపదలచినచో పెద్ద విమానాలు కోరుటకంటె, గన్నవరం నుండి గల్ఫ్ నగరాలకు చిన్న విమానాలను, ప్రయాణికులకు అనువైన వేళలను కోరుట ఫలప్రదము కావచ్చును. రాజమహేంద్రవరం విమానాశ్రయపు రన్‌వేను 3,165 మీటర్లకు పొడిగించియుండిరి. అయినను రన్‌వే పొడవొక్కటే చాలదు. ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ ఏర్పాట్లు లేనిదే విదేశీ సర్వీసు సాధ్యము కాదు.

ఉపాధి విషయమై ఒక మాట. విమానాల కొనుగోలుతో పాటు విడిభాగాల తయారీ దేశానికి వచ్చునన్న ఆశ తెలంగాణలో కొంత నెరవేరినది. రంగారెడ్డి జిల్లా ఆదిభట్లలోని టాటా బోయింగ్ ఏరోస్పేస్ కర్మాగారం అపాచీ హెలికాప్టర్ల కాయభాగాలతో పాటు బోయింగ్ 737 విమానాల తోకరెక్క భాగాలను తయారుచేయుచున్నది. శంషాబాదులో సఫ్రాన్ సంస్థ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం 2025 నవంబరు 26న ప్రారంభింపబడినది. ఈ రెండును చిన్న విమానాలకు సంబంధించినవే.

ఇటీవలి పరిణామాలు

2025 జూన్ 12న అహ్మదాబాదు నుండి లండన్ గాట్విక్‌కు బయలుదేరిన ఎయిర్ ఇండియా 787-8 విమానం కూలిన దుర్ఘటనలో విమానంలోని 242 మందిలో 241 మంది, నేలపైనున్న 19 మంది మరణించిరి. దీనిపై ప్రాథమిక నివేదిక జూలై 12న వెలువడినది. ప్రాథమిక నివేదిక తుది నిర్ధారణ కాదు. విమాన రకం గురించి గాని, సిబ్బంది గురించి గాని దాని ఆధారంగా తీర్పులు ప్రకటించుట మృతుల కుటుంబాల పట్ల అన్యాయము. దుర్ఘటన తరువాత అదనపు తనిఖీల నిమిత్తం సంస్థ తన పెద్ద విమానాల అంతర్జాతీయ సర్వీసులను తాత్కాలికంగా 15 శాతం తగ్గించినది.

దీనికి ముందే, 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసినది. ఢిల్లీ నుండి ఐరోపా, అమెరికా మార్గాలు చుట్టుదారి పట్టినందున ఇంధన వ్యయం, ప్రయాణ కాలం పెరిగినవి. పాత 787 విమానాలను లోపలి సీట్ల మార్పు కొరకు ఒక్కొక్కటిగా సేవ నుండి తప్పింపవలసి వచ్చుట కూడా తోడై, సెప్టెంబరు 1 నుండి ఢిల్లీ - వాషింగ్టన్ సర్వీసు నిలిపివేయబడినది. కోనసీమ నుండి వాషింగ్టన్ పరిసరాలలోని బిడ్డల వద్దకు వెళ్ళు తలిదండ్రులకు ఈ మార్గం రద్దుతో ఒక మార్పిడి అదనమైనది. ఆంగ్లం రాని వృద్ధులకు ఒక్కొక్క మార్పిడి ఎంత కష్టమో అనుభవించిన వారికే తెలియును.

2023 ఆర్డరులోని అతిపెద్ద విమానం 777-9 ఇప్పటికి ఏ సంస్థకును అందలేదు. తొలి అందజేత 2027లో జరుగగలదని బోయింగ్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించియున్నది.